ఆరో మంచం తెర

మల్గూన్ ఆసుపత్రిలో ఆరో మంచం తెర తీసినవాళ్ళు బాగుపడరని పేరు.

వార్డులో నిజంగా ఉన్న ఆరో మంచం గురించి కాదు నేను చెప్పేది. దాని మీద ప్రస్తుతం మోకాలు విరిగిన పోస్ట్‌మాస్టర్ పడుకుని ఉన్నాడు, బాగానే ఉన్నాడు. నేను చెప్పే మంచం ఎక్కడా లేదు. అది ఉన్న వార్డూ లేదు. కళ్ళకు హెడ్‌సెట్ తగిలించుకుంటే కనబడుతుంది, తీసేస్తే పోతుంది.

దెయ్యం ఉండాలంటే పాడుబడ్డ కొంప కావాలి కదా అంటారేమో. పాడుబడ్డ కొంపలకు ఈ ఊళ్ళో కొదవ లేదు. సిడ్నీ వెళ్ళే రోడ్డు మీదే నాలుగున్నాయి. పందొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను, వాటిలో పాములు తప్ప ఏమీ ఉండవు. ఉన్నదల్లా మా ఆసుపత్రి వెనకాల పాత లాండ్రీ గదిలోనే.

ఆ గదిలోనే కొత్త డాక్టర్లకు తర్ఫీదు ఇస్తారు. గుండె ఆగినవాణ్ణి, ఊపిరి అందనివాణ్ణి ఎలా నిలబెట్టాలో ముందు హెడ్‌సెట్‌లో నేర్చుకుని, ఆ తర్వాతే నిజం మనుషుల దగ్గరికి వెళ్ళాలి. హెడ్‌సెట్లు తుడవడం, ఛార్జింగు పెట్టడం, ప్రోగ్రాం నడపడం నా పని. నా పేరు లక్ష్మీనారాయణ. అది వాళ్ళ నోటికి పట్టక 'లక్కీ' అని పిలుస్తారు. ఆసుపత్రిలో ఆ పేరుగలవాడు ఒకడుంటే రోగులకు ధైర్యంగా ఉంటుందని వాళ్ళ ఉద్దేశం.

బయట మధ్యాహ్నం రెండు కావచ్చు, నలభై రెండు డిగ్రీల ఎండ కాయవచ్చు, రేకుల మీద చిలకలు గోల పెట్టవచ్చు. హెడ్‌సెట్ లోపల మాత్రం ఎప్పుడూ రాత్రి మూడూ పదే. పరీక్ష మొదలైనప్పుడల్లా అదే టైము. దీపాలు సగం తగ్గించి ఉంటాయి. పొడుగాటి వార్డు. రెండో మంచం మీద గుండెనొప్పితో ఒకడు. పరీక్షంతా వాడి మీదే, ఇరవై నిమిషాలు. నిజం గదిలో సరిగ్గా ఆ చోటే ఒక రబ్బరు బొమ్మను పెట్టాం, ఛాతీ నొక్కితే చేతికి తగలాలని. మిగతా మంచాలు ఖాళీ.

చిట్టచివర, ఆరో మంచం. దానికి తెర వేసి ఉంటుంది.

తెర వెనకాల నుంచి... ఒక ఊపిరి వినిపిస్తుంది. గొంతులో గీసుకుంటూ లోపలికి పోతుంది, బయటికొస్తుంది. తర్వాత చాలాసేపు ఏమీ ఉండదు. అయిపోయిందిలే అనుకునేసరికి — ఇంకోటి.

మొదట ఆ తెర తీసినవాడు లాక్లన్. పెర్త్ కుర్రాడు, మంచి ఉత్సాహవంతుడు. రెండో మంచం వదిలేసి పరుగెత్తి, తెర లాగి, లోపలున్నవాడి ఛాతీ నొక్కబోయాడు. అక్కడ రబ్బరు బొమ్మ లేదు, సిమెంటు గచ్చు ఉంది. బోర్లా పడి ముక్కు పగలగొట్టుకున్నాడు. ఈలోపు రెండో మంచం మనిషి పోయాడు. ఫెయిల్.

తర్వాత సియోనె. టోంగా నుంచి వచ్చినవాడు, తలుపంత మనిషి. తెర తీశాడు. ఒక్క క్షణం చూశాడు. హెడ్‌సెట్ తీసి నా చేతిలో పెట్టి, బయట మెట్ల మీద కూర్చుని ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. "అక్కడ మనిషున్నాడు, లక్కీ. బొమ్మ కాదు," అన్నాడు. అతనూ ఫెయిలే. ఆ నెలలోనే సముద్రం వైపు ఎక్కడికో బదిలీ చేయించుకున్నాడు.

ఇక క్యాంటీన్‌లో మాంసం పఫ్‌లు తింటూ ఒకళ్ళ చెవిలో ఒకళ్ళు ఊదడం మొదలైంది — రెండో మంచం చూసుకో, ఆరు జోలికి పోకు. ఆ మాట విని, వరసగా పద్దెనిమిది మంది ఆ తెర పక్కనుంచే తిరిగి పాసయ్యారు. ఊపిరి వినపడలేదని ఒక్కళ్ళూ అనలేదు. విన్నారు, పాసయ్యారు.

నేనూ ఒకసారి గ్లెనిస్‌ని అడిగాను. గ్లెనిస్ ఆ తర్ఫీదంతా నడిపించే పెద్ద నర్సు. నలభై ఏళ్ళ సర్వీసు. ఆవిడ మెచ్చుకున్నా తిట్టినట్టే ఉంటుంది.

"పరీక్షలో ఆరో మంచానికి మార్కులే లేవు. మరి అదెందుకు అక్కడ?" అన్నాను.

"ఉంది కదా. ఉండనీ. నువ్వు హెడ్‌సెట్లు తుడువు నాయనా."

తుడిచాను.

ఇప్పుడు ఇమోజెన్ సంగతి. ఇమోజెన్ టక్‌వెల్ ఆ ఫిబ్రవరిలో వచ్చిన కొత్త డాక్టరు. ఇరవై అయిదేళ్ళు, మాట మెల్లన. మొదటి రాత్రి డ్యూటీలోనే నర్సు కేకేసింది, మూల మంచం ఆయనకు ఊపిరాడటం లేదని. ఈ అమ్మాయి పరుగెత్తింది. తెర దాకా వెళ్ళింది. గుడ్డ చేత్తో పట్టుకుంది. అంతే — అక్కడే నిలబడిపోయింది. నలభై సెకండ్లు. నర్సే పక్కకు నెట్టి లోపలికి దూరింది.

ఆ మనిషి బతికాడు. ఇమోజెన్ పేరు మాత్రం రాత్రి డ్యూటీల జాబితాలోంచి కొట్టేశారు. రాత్రి డ్యూటీలు చేయకపోతే ఆ ఏడాది లెక్కలోకి రాదు. అది రాకపోతే ఆరేళ్ళు చదివి తెచ్చుకున్న పట్టా గోడకు వేలాడదీసుకోవడానికే. గ్లెనిస్ పెట్టే ఈ పరీక్ష పాసైతే మళ్ళీ రాత్రులు ఇస్తామన్నారు. ఒక్కటే అవకాశం.

ఆ రోజు మధ్యాహ్నం వచ్చింది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"రాత్రి నిద్రపోయావా తల్లీ?" అంది గ్లెనిస్.

"లేదు."

"మంచిదే. డాక్టరు ఉద్యోగానికి అది అలవాటు కావాలి."

నేను హెడ్‌సెట్ పట్టీ బిగిస్తుంటే ఆ అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. "లక్కీ... ఆరో మంచం సంగతి నిజమేనా?"

"తీసిన ఇద్దరూ ఫెయిలయ్యారు. అంతవరకు నిజం."

"తీయనివాళ్ళో?"

"అందరూ పాస్."

పట్టీ కింద ఇరుక్కున్న జుట్టు బయటికి లాక్కుంది. "అయితే ఫర్లేదు," అంది. "నాకు మామూలు తెరలంటేనే చేతులు రావు."

పరీక్ష మొదలైంది. నా కంప్యూటర్ మీద వార్డు పటం ఒకటి ఉంటుంది, అందులో డాక్టరు ఒక ఆకుపచ్చ చుక్క. చుక్క రెండో మంచం దగ్గరికి వెళ్ళింది. మొదట్లో మాట తడబడింది. ఆ తర్వాత సర్దుకుంది. ప్రోగ్రాంలో ఉన్న నర్సుకు పనులు చెప్పింది, నర్సు వాటిని తిరిగి చెప్పింది. ఏడో నిమిషంలో వాడి గుండె ఆగింది. ఇమోజెన్ రబ్బరు బొమ్మ మీదికి వంగి నొక్కడం మొదలుపెట్టింది. లెక్క తప్పలేదు. చెమట కారి గడ్డం దాకా వచ్చింది. షాక్ ఇచ్చింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ షాక్.

పదకొండో నిమిషంలో గుండె కొట్టుకుంది.

"ఇతని పక్కనే ఉండు. ఏం మారినా నన్ను పిలువు," అని నర్సుకు చెప్పి, ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంక తొమ్మిది నిమిషాలు అక్కడే నిలబడితే చాలు, రాత్రులు ఆమెవి. నేను లోలోపల సంతోషించాను. గ్లెనిస్ కాగితం మీద వరసగా టిక్కులు పెట్టేసింది.

అప్పుడు నా స్పీకర్లో వినబడింది... ఆ ఊపిరి.

ఇమోజెన్ తల తిప్పింది.

ఇంకో ఊపిరి. మధ్యలో చాలా ఖాళీ.

నా కంప్యూటర్ మీద చుక్క కదిలింది. మూడో మంచం దాటింది. నాలుగు దాటింది. నేను కుర్చీలోంచి సగం లేచాను. గ్లెనిస్ నా మోచెయ్యి పట్టుకుంది.

"మాట్లాడకు," అంది గుసగుసగా.

నిజం గదిలో ఇమోజెన్ నడిచి వెళ్ళింది ఒట్టి మూలకు. అక్కడ పాత రోజుల్లో బట్టలుతికిన నీళ్ళు పోయే తూము తప్ప ఏమీ లేదు. ఆ ఒట్టి మూల ముందు నిలబడి, చెయ్యెత్తి, గాల్లో ఏదో గుడ్డ పట్టుకున్నట్టు పిడికిలి బిగించింది. అలాగే ఉండిపోయింది.

నేను గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టాను. పది సెకండ్లు... ఇరవై... ముప్ఫై. నలభై.

నలభై ఒకటికి చెయ్యి పక్కకు లాగింది.

లోపల ఏం చూసిందో నాకు తెలియదు. బయటికి కనబడింది ఇది — రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి వేసింది, నొక్కడానికి. ముందుకు వంగింది. ఆగింది. మంచం కాళ్ళవైపు ఉండాల్సిన చోటికి జరిగి, ఏదో చదువుతున్నట్టు మెడ వంచింది. చేతులు మెల్లిగా దించేసింది. తర్వాత ఆ సిమెంటు గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చెయ్యి ముందుకు చాచింది.

"నేను ఇమోజెన్‌ని," అంది. "ఇక్కడే ఉన్నాను."

ఆ చెయ్యి గాల్లో నిలిచిపోయింది.

మీరూ ఎప్పుడైనా చెయ్యి చాచి గాల్లో రెండు నిమిషాలు ఉంచి చూడండి. భుజం కిందికి లాగుతుంది, వేళ్ళు వణుకుతాయి. ఇమోజెన్ చెయ్యి ఏడు నిమిషాలు ఉంది. బెత్తెడు కూడా దిగలేదు. ఏదో ఒకదాని మీద ఆనించి ఉంచినట్టే ఉంది.

ఊపిరికీ ఊపిరికీ మధ్య ఖాళీ పెరిగింది. ఇంకా పెరిగింది. ఆ తర్వాత... రాలేదు.

ఇమోజెన్ లేవలేదు. గంట కొట్టేదాకా అలాగే కూర్చుంది.

పరీక్షలో ఆఖరి భాగం అప్పజెప్పడం. డ్యూటీ దిగేటప్పుడు తర్వాత వచ్చే డాక్టరుకు రోగుల సంగతి ఒక వరసలో చెప్తారు కదా, అదే. రోగి ఎవరు, ఏమైంది, నువ్వేం చూశావు, ఏం చేశావు. అందులో ఒకటే ఖచ్చితమైన షరతు — చూడనిది చెప్పకూడదు. కంగారులో చూడనిది చూశానని కల్పిస్తే తక్కినదంతా సరిగా చేసినా నేరుగా ఫెయిలే. నిజం వార్డులో అలాంటి మాట నమ్మి మందు ఎక్కిస్తారు, మనిషి పోతాడు.

ఇమోజెన్ నిలబడి రెండో మంచం గురించి తడబడకుండా చెప్పింది. ఆ తర్వాత, "ఆరో మంచం," అంది.

"అది నీ పరీక్షలో లేదుగా," అంది గ్లెనిస్ కాగితం మీంచి తల ఎత్తకుండా.

"చూశాను కదా. చూసినప్పుడు చెప్పాలి."

"చెప్పు మరి."

"డెబ్బై దాటిన మగమనిషి. చివరి ఘడియల్లో ఉన్నారు. మంచం కాళ్ళవైపు కాగితం ఉంది, గుండె ఆగితే లేపొద్దని ఆయనే సంతకం పెట్టారు. అందుకని ఛాతీ నొక్కలేదు. నొప్పి ఉన్నట్టు లేదు. పక్కన తనవాళ్ళంటూ ఎవరూ లేరు. అందుకని కూర్చుని ఎడమ చెయ్యి పట్టుకున్నాను. ఎడమ చేతికి చివరి రెండు వేళ్ళు లేవు. పాత గాయం, ఎప్పుడో మానిపోయింది. మూడూ ఇరవై తొమ్మిదికి పోయారు."

గ్లెనిస్ కలం ఆగింది.

"చెయ్యి సంగతి ఇంకోసారి చెప్పు."

"ఎడమ చెయ్యి. ఉంగరం వేలు, చిటికెన వేలు లేవు."

గ్లెనిస్ కలానికి మూత పెట్టింది.

"పోయి నీళ్ళు తాగిరా తల్లీ," అంది గ్లెనిస్.

"ఫెయిలయ్యానా?"

"నీళ్ళు తాగమన్నాను."

ఆ అమ్మాయి వెళ్ళింది. గ్లెనిస్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకుంది.

"ఆరో మంచం మీద ఉన్నది డెస్," అంది. "మా ఆయన."

డెస్ మూడేళ్ళ కిందట పోయాడని నాకు తెలుసు. ఎలా పోయాడో తెలియదు. అప్పుడు చెప్పింది. ఊపిరితిత్తులు పాడై నెల రోజులు మా వార్డులోనే ఉన్నాడట. గుండె ఆగితే లేపొద్దు, నన్ను పోనివ్వండి అని సంతకం పెట్టాడట. ఆ కాగితం మంచానికే తగిలించి ఉంది. నాలుగు రోజులు పక్కనే కూర్చున్న గ్లెనిస్, ఒక్క రాత్రి స్నానం చేసొద్దామని ఇంటికెళ్ళింది.

"ఆ గంటలోనే ఊపిరి ఆగింది. డ్యూటీ కుర్రాడు పరుగెత్తుకొచ్చి నొక్కాడు. చాలా బాగా నొక్కాడు, లక్కీ, పుస్తకంలో ఉన్నట్టే. నాలుగు పక్కటెముకలు విరిచాడు. పోవాల్సినవాణ్ణి ఇంకో పావుగంట నరకం పెట్టాడు. వాడికి నొక్కడం నేర్పింది నేనే. ముందు కాగితం చూడమని నేర్పలేదు."

ఆవిడ ఏడవలేదు. నాకు మాత్రం కళ్ళు నిండాయి.

బ్రిస్బేన్‌లో ఈ ప్రోగ్రాం తయారుచేసిన ఫ్రెయా అనే అమ్మాయిని అడిగి, ఎవరికీ చెప్పకుండా ఆ మంచం పెట్టించిందట. ఆ ఊపిరి నిజంగా డెస్‌దే. చివరి రోజుల్లో, ఇది ఆఖరేనా అని సిటీ ఆసుపత్రి నర్సును అడగడానికి గ్లెనిస్ ఫోన్‌లో రికార్డు చేసి పంపిన ఊపిరి.

"మార్కులు పెడితే అందరూ చూస్తారు. మార్కులు లేకపోయినా ఎవరైనా చూస్తారేమోనని చూశాను. నొక్కబోయినవాడొకడు, పారిపోయినవాడొకడు. పద్దెనిమిది మంది మా ఆయన ఊపిరి వింటూ పాసైపోయారు." ఆవిడ లేచి నిలబడింది. "నీ సంతకం మిగిలింది. పెట్టి పంపించెయ్." కాగితం నా ముందు పడేసి బయటికి వెళ్ళిపోయింది.

అంటే దెయ్యం లేదు. నాకు కాస్త తేలికగానే అనిపించింది.

కాగితం చివర నేను నింపాల్సిన గడి ఒకటుంది: 'డాక్టరు చెప్పిన వివరాలు ప్రోగ్రాంలోని రోగితో సరిపోయాయా?' రెండో మంచం వివరాలు నా దగ్గరున్నాయి. ఆరుకు లేవు. తెలియనిదాని మీద సంతకం పెట్టడం నాకు అలవాటు లేదు. ఫ్రెయాకు ఫోన్ చేశాను.

"ఆరో మంచమాయన ఎడమ చెయ్యి. రెండు వేళ్ళు లేనట్టు గీశావు కదా?"

"చెయ్యా?" అంది ఫ్రెయా. "నేను చేతులు గీయలేదే."

"అదేంటి?"

"ఆఫీసు పనయ్యాక రాత్రుళ్ళు కూర్చుని చేసిన బొమ్మ అది. చేతులంటే మూడు వారాల పని. అందుకే మెడ దాకా దుప్పటి కప్పేశాను. ఒక మొహం, ఒక దుప్పటి, ఒక కాగితం. దుప్పటి కింద ఏమీ లేదు, లక్కీ."

"గ్లెనిస్ ఇచ్చిన ఫొటోలో కనబడి ఉంటుందేమో..."

"అది పాస్‌పోర్టు ఫొటో. ఏం, ఇప్పుడు చేతులు కావాలా?"

"వద్దులే," అన్నాను.

గడి ఖాళీగా నా వంక చూస్తోంది. ప్రోగ్రాంలో చేతులు లేవు. ఇమోజెన్ చేతి గురించి చెప్పింది. షరతు ప్రకారం అది కల్పన. 'లేదు' అని రాస్తే ఆ అమ్మాయి డాక్టరు చదువు ఈ పూటతో సరి.

బయటికి వెళ్ళాను. గ్లెనిస్ నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడి ఉంది.

"డెస్ ఎడమ చేతికి..." అన్నాను.

"కలప కోత మిల్లులో పోయాయి, పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో. ఆ మరుసటేడు మా పెళ్ళి. ఉంగరం ఏ వేలికి పెట్టాలో తెలియక ఫాదర్ బిక్కమొహం వేశాడు." నా వైపు తిరిగింది. "ఆ సంగతి ఫ్రెయాకి నేను చెప్పిన గుర్తు లేదు. ఫొటోలో పడి ఉంటుంది."

"పడే ఉంటుంది."

ఆవిడ నా మొహం కాసేపు చూసింది. రేకుల మీద చిలకలు లేచి, ఒక చుట్టు తిరిగి మళ్ళీ వాలాయి.

"ఆ పిల్ల చివరిదాకా పట్టుకునే ఉందా?"

"ఏడు నిమిషాలు. గడియారం చూశాను."

"ఈసారి నయం," అంది గ్లెనిస్.

నేను లోపలికొచ్చి గడిలో 'సరిపోయాయి' అని రాసి సంతకం పెట్టాను. పందొమ్మిదేళ్ళలో నేను పెట్టిన సంతకాల్లో ఇంత ఆలోచించి పెట్టింది ఇంకోటి లేదు.

ఇమోజెన్ తలుపు దగ్గర నిలబడి ఉంది, చేతిలో ఖాళీ గ్లాసుతో.

"సోమవారం నుంచి నీకు రాత్రులు," అన్నాను.

ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని తెరిచింది. నవ్వు సగం వచ్చి ఆగింది. వెళ్ళబోతూ, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది.

"ప్రోగ్రాం చేసినవాళ్ళతో మాట్లాడితే ఒక లోపం చెప్పండి లక్కీ. ఊపిరి ఆగాక కూడా ఆయన పట్టు వదల్లేదు. గంట కొట్టాక వేళ్ళు ఒక్కొక్కటే నేనే విడిపించుకోవాల్సి వచ్చింది."

చెప్తానన్నాను.